పెద్దమనుషుల సంతకాలు (మన వాటా లెక్క – 9వ భాగం)



పోయిన భాగం పూనా ఒప్పందం దగ్గర ఆపాను. మాట ప్రకారం ఈసారి 1942లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ పుట్టుక గురించి రాయాలి. దాన్ని వచ్చే భాగానికి జరుపుతున్నాను. ఎందుకంటే ఈమధ్య నేను వెళ్లిన ప్రతి స్టడీ సర్కిల్లోనూ పిల్లలు ఒకటే అడుగుతున్నారు: "అన్నా, జనాభా లెక్కలు అయిపోతే దక్షిణాదికి పార్లమెంటు సీట్లు తగ్గిపోతాయంటున్నారు. మనం ఎటు నిలబడాలి?"

రాష్ట్రాల మధ్య లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా లెక్కల దగ్గరే ఆగింది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఆపారు. ఆ తర్వాత 84వ సవరణతో, 2026 దాటాక జరిగే మొదటి జనగణన దాకా పొడిగించారు. జనాభాను అదుపు చేసుకున్న పాపానికి ఒక రాష్ట్రం బలం తగ్గిపోవడం అన్యాయమే. ఆ మాట ఎక్కడైనా అంటాను. (ఆ అదుపు ఎవరి ఒంటి మీద జరిగిందో, క్యాంపుల్లో వరసగా పడుకోబెట్టి ఎవరికి ఆపరేషన్లు చేశారో మీ అమ్మలను, అమ్మమ్మలను అడగండి. అది వేరే కథ.)

అయితే "మన ప్రాంతం", "మన వాటా" అనే మాట చెవిన పడగానే నాకొక అలవాటు. ఆ "మన" తరఫున బేరం ఆడటానికి కూర్చున్నవాళ్ల పేర్లు వెతుకుతాను. తెలుగు నేల మీద ప్రాంతాల వాటా గురించి కాగితం మీద జరిగిన పేరుమోసిన బేరాలు రెండు. ఒకటి 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక, రెండోది 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం. 1973 ఆరు సూత్రాల పథకం కూడా ఉంది గానీ అది ఢిల్లీ తయారుచేసి ఇచ్చింది, పక్కన పెడుతున్నాను.

వీటికంటే ముందు ఇంకో సంగతి చెప్పాలి. ఆంధ్ర అనే పేరు మీద అభిమానం ఒక ఉద్యమంగా మొదలైంది 1913లో, బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభతో. దానికి నాలుగేళ్ల తర్వాత, 1917 నవంబరులో, బెజవాడలో మనవాళ్లు ఒక సభ పెట్టుకున్నారు. పిలుపులో దాని పేరు ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాసభ. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. ఆయనది హైదరాబాద్, అంటే నిజాం రాజ్యం. బెజవాడ బ్రిటిష్ వాళ్ల మద్రాసు రాజధానిలో ఉంది. మధ్యలో ఒక సరిహద్దు ఉంది, రెండు ప్రభుత్వాలు ఉన్నాయి. అయినా బెజవాడ సభకు హైదరాబాద్ మాల అధ్యక్షుడయ్యాడు. ఈయన మన ప్రాంతం వాడేనా అని అడగాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. అడిగింది వేరే: మమ్మల్ని పంచములు అని పిలిచే హక్కు మీకెవరిచ్చారు అని. ఆ సభలోనే పంచమ పేరు తీసేసి ఆది ఆంధ్ర అని పెట్టుకున్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది.

ఆది ఆంధ్ర అంటే ఏమిటో కాస్త ఆలోచించండి. ఈ నేలకు మొదటివాళ్లం మేమే అని చెప్పడం. ఆంధ్ర అభిమానం ఇంకా బుడిబుడి అడుగులు వేస్తున్నప్పుడే, ఊరి బయట ఉన్నవాళ్లు దాని మొదట్లోకి వెళ్లి కూర్చున్నారు. మా పిల్లలకు పాఠ్యపుస్తకంలో బాపట్ల ఉంటుంది, బెజవాడ ఉండదు.

ఇప్పుడు శ్రీబాగ్. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇంట్లో కుదిరింది. ఆ ఇంటి పేరే శ్రీబాగ్. ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తా వాళ్లు మమ్మల్ని మింగేస్తారేమోనని రాయలసీమ నాయకుల భయం. నేను కర్నూలు జిల్లా వాణ్ణి, ఆ భయం ఉత్తది కాదని నాకు తెలుసు. అందుకే విశ్వవిద్యాలయ కేంద్రం, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకు ముందు చూపు, రాజధాని ఒకచోట ఉంటే హైకోర్టు ఇంకోచోట, శాసనసభలో జిల్లాకు ఇన్నని సమానంగా సీట్లు అని రాసుకున్నారు.

ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. పూనా ఒప్పందం ప్రకారం మద్రాసు శాసనసభలో మనకు 30 రిజర్వుడు సీట్లు వచ్చి, ఎన్నికలు జరిగి, సభ్యులు లోపలికి వెళ్లింది కూడా ఆ ఏడే. సీట్ల పంపకం గురించి రాసుకున్న ఒడంబడికలో ఆ సభ్యుల ఊసు లేదు. నీళ్లు అడిగారు, సరే. నీళ్లు పారే పొలం ఎవరి పేరున ఉందన్న ప్రశ్న జిల్లాల లెక్కలోకి రాదు.

రెండోదాని పేరు ఇంకా బాగుంటుంది. పెద్దమనుషుల ఒప్పందం. మా ఊళ్లో పెద్దమనుషులు అనే మాటకు నిఘంటువు అక్కర్లేదు. తగాదా వస్తే "పెద్దమనుషుల్లో పెట్టారు" అంటారు. పెట్టేది మన తగాదా, కూర్చునేది వాళ్లు. చావిడి అరుగు మీద వాళ్లుంటే, మా నాయన తువ్వాలు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకుని కింద నిలబడేవాడు. తీర్పు చెప్పాక తప్పు డబ్బులు కట్టేది మేమే. అందువల్ల ఎనిమిదో తరగతిలో మొదటిసారి ఈ పాఠం చదివినప్పుడు, ఈ పెద్దమనుషులు ఎవరో నాకు కొంచెం ముందే అర్థమైంది.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన ఈ ఒప్పందానికి ఆంధ్ర వైపు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ఎనిమిది మంది. ఒక్క దళితుడు లేడు, ఒక్క ఆదివాసీ లేడు, ఒక్క ఆడమనిషి లేదు. బీసీల నుంచి వచ్చినవాడు లచ్చన్న ఒక్కడు. నలుగురు ఒకే కులం, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. ప్రాంతాలు రెండు గానీ భోజనానికి కూర్చుంటే చుట్టాలే.

ఏం రాసుకున్నారు? మంత్రివర్గంలో ఆంధ్రకు 60, తెలంగాణకు 40 శాతం. తెలంగాణ మంత్రుల్లో ఒకరు ముస్లిం. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు. ముస్లింల సంగతి రాయాలని వాళ్లకు తోచింది, మంచిదే. శాతాలు వేసి, పదవులు జతలు జతలుగా పంచుకున్నవాళ్లకు అంటరానివాళ్లకు ఒక మంత్రి అన్న వాక్యం మాత్రం తట్టలేదు. ఒప్పందం అమలు కాలేదని తెలంగాణ దశాబ్దాల పాటు కొట్లాడింది, న్యాయంగానే కొట్లాడింది. నా గొడవ వేరు. అది అక్షరం పొల్లుపోకుండా అమలై ఉంటే మాత్రం మాలవాడకు, మాదిగవాడకు ఏం దక్కేది?

ఇదంతా ముందే చూసిన మనిషి ఒకరున్నారు. ఒప్పందానికి రెండు నెలల ముందు, 1955 డిసెంబరులో, బాబాసాహెబ్ 'థాట్స్ ఆన్ లింగ్విస్టిక్ స్టేట్స్' అనే చిన్న పుస్తకం తెచ్చారు. భాషా రాష్ట్రాల్లో కులం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణల్లో ఆంధ్ర ఒకటి. భూమి, ఉద్యోగాలు, వ్యాపారం రెడ్డి, కమ్మ కులాల చేతుల్లో ఉన్నాయనీ, అంటరానివాళ్లు వాళ్ల మీద ఆధారపడి బతకాల్సి వస్తోందనీ పేర్లు పెట్టి రాశారు. (హైదరాబాద్‌ను దేశానికి రెండో రాజధాని చేయాలని అన్నది కూడా ఈ పుస్తకంలోనే. మనవాళ్లకు ఆ ఒక్క పేజీ బాగా గుర్తుంటుంది.)

రోగం చెప్పి ఊరుకోలేదు, మందు కూడా చెప్పారు. మందులో రెండు భాగాలు. రాష్ట్రాలు మరీ పెద్దవి కాకూడదు, ఎందుకంటే ఎంత పెద్ద రాష్ట్రమైతే పెద్ద కులం అంత పెద్ద గుంపుగా ఒక్కటవుతుంది, చిన్న సమూహం అంత చితికిపోతుంది. ఇది మొదటి భాగం. రెండోది, ఒక నియోజకవర్గానికి ఒకే సభ్యుడు అనే పద్ధతి తీసేసి, ఇద్దరు ముగ్గురు సభ్యులుండే నియోజకవర్గాలు పెట్టాలి, వాటిలో ఓటరు తన ఓట్లన్నీ కావాలంటే ఒక్క అభ్యర్థికే వేసుకోగలగాలి.

2009 నుంచి 2014 దాకా హైదరాబాద్‌లో ఏ సభకు వెళ్లినా మొదటి భాగం బ్యానర్ మీద ఉండేది. చిన్న రాష్ట్రాలు కావాలని అంబేద్కర్ చెప్పారు, తెలంగాణ ఇవ్వండి. చెప్పారు, నిజం. నేనూ రాష్ట్రం కావాలన్నవాణ్ణే. రెండో భాగం మాత్రం ఏ బ్యానర్ మీదా కనపడలేదు. దాన్ని కొంచెం విడమరిచి చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ వ్యాసం అంతా దాని కోసమే.

నూరు మంది ఓటర్లున్న చోటు ఊహించుకోండి. మూడు సీట్లు, మనిషికి మూడు ఓట్లు. మనవాళ్లు 30 మంది, మిగతావాళ్లు 70 మంది. మనవాళ్లు మూడేసి ఓట్లూ ఒకే మనిషికి వేస్తే 90 వస్తాయి. అవతలివాళ్ల దగ్గర 210 ఓట్లు ఉన్నాయి. మూడు సీట్లూ తామే తీసుకోవాలని ముగ్గురికి సమానంగా పంచితే తలా 70. మన మనిషి గెలుస్తాడు. వాళ్ల దయ అక్కర్లేదు, వాళ్ల టికెట్టు అక్కర్లేదు. అదే ఒక్క సీటు, మనిషికి ఒక్క ఓటు అనుకోండి, ఆ 30 మంది ఎప్పటికీ ఎవరో ఒకరి వెనక నడవాల్సిందే. రిజర్వుడు సీటైనా అంతే. నిలబడేవాళ్లందరూ మనవాళ్లే, గెలిచేవాణ్ణి ఎంచేది 70 మంది.

లెక్క నిజాయితీగా చెప్పాలి. మూడు సీట్ల చోట నాలుగో వంతుకు పైన ఉంటేనే ఈ పద్ధతిలో సొంతంగా గెలుపు ఖాయం. 2011 లెక్కల్లో ఎస్సీలు ఆంధ్రలో 17 శాతం, తెలంగాణలో 15 శాతానికి కాస్త పైన. చాలాచోట్ల మన ఓట్లు ఒక్కటే చాలవు. ముస్లింలనో, ఆదివాసీలనో, చిన్న బీసీ కులాలనో కలుపుకోవాలి. కానీ ఎవరితో కలవాలో మనం ఎంచుకుంటాం. ఇప్పుడు ఎవరితో కలవాలో పార్టీ ఆఫీసులో ఎంచుతున్నారు.

ఈ దేశంలో ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు కొంతకాలం ఉన్నాయి కూడా. 1952, 1957 ఎన్నికల్లో చాలా రిజర్వుడు సీట్లు అలాంటివే: ఒక జనరల్ సీటు, ఒక రిజర్వుడు సీటు, ఓటరుకు రెండు ఓట్లు. అయితే రెండూ ఒకే మనిషికి వేయకూడదు. అంటే బాబాసాహెబ్ అడిగిన దానిలో ప్రాణం తీసేసిన బొమ్మ. 1952లో బొంబాయిలో ఆయన ఓడింది కూడా అలాంటి నియోజకవర్గంలోనే. ప్రాణం లేని ఆ బొమ్మ కూడా ఒకసారి మన తెలుగు నేల మీద కదిలింది.

1957, పార్వతీపురం లోక్‌సభ స్థానం. ఒక సీటు ఎస్టీలకు. బిడ్డిక సత్యనారాయణ, డిప్పల సూరి దొర ఇద్దరూ ఎస్టీ అభ్యర్థులు. జనరల్ సీటుకు నిలబడ్డ వాళ్లలో వి.వి. గిరి గారు ఉన్నారు. అప్పటికే కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసిన మనిషి, పెద్ద పేరు. ఓట్లు లెక్కపెడితే మొదటి ఇద్దరూ ఎస్టీలే. సత్యనారాయణకు రిజర్వుడు సీటు పోగా, మిగిలిన వాళ్లలో ఎక్కువ ఓట్లు సూరి దొరవి. గిరి గారు 565 ఓట్ల తేడాతో వెనకబడ్డారు. జనరల్ సీటు ఆదివాసీకి వెళ్లింది.

గిరి గారు కోర్టుకెక్కారు. రిజర్వుడు సీటుకు నామినేషన్ వేసినవాడు జనరల్ సీటు ఎలా తీసుకుంటాడన్నది ఒక వాదన. సూరి దొర కుటుంబం క్షత్రియులమని చెప్పుకుంటోంది కాబట్టి ఆయన అసలు ఎస్టీయే కాదన్నది రెండోది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 1959లో గిరి గారు ఓడిపోయారు. క్షత్రియుణ్ణని చెప్పుకున్నంత మాత్రాన ఎవరూ క్షత్రియులైపోరనీ, జనరల్ సీటు అందరిదీ అనీ తేలింది. రెండేళ్లు తిరగకుండా, 1961లో, ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను రద్దుచేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. పార్వతీపురం ఒక్కటే కారణమని నేను అనను, ఆ నియోజకవర్గాలు మరీ పెద్దవని ఫిర్యాదులు ఉన్నాయి. కానీ ఆ వరస చూడండి. గిరి గారికి మాత్రం నష్టమేమీ లేదు. ఓడిన ఏడాదే ఉత్తరప్రదేశ్ గవర్నరు, తర్వాత ఉప రాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి. సూరి దొర పేరు ఉత్తరాంధ్ర ఆత్మగౌరవం గురించి మాట్లాడేవాళ్ల నోట నేను ఇంతవరకు వినలేదు.

ఈ కాలంలోనే దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1960 జనవరి 11. వయసు 38. కర్నూలు పక్కన పెదపాడు మాలపల్లె నుంచి వచ్చినవాడు, దేశంలోనే ఒక రాష్ట్రానికి మొదటి దళిత ముఖ్యమంత్రి. సంజీవరెడ్డి గారు కాంగ్రెస్ అధ్యక్షుడై ఢిల్లీ వెళితే ఖాళీ అయిన కుర్చీ అది. 1962 ఎన్నికలు అయ్యాక, మార్చి 12న, సంజీవరెడ్డి గారు తిరిగొచ్చి అందులో కూర్చున్నారు. సంజీవయ్య గారిని కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి చేశారు. ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నట్టు. ఆ రెండేళ్లలోనే వృద్ధాప్య పింఛన్లు వచ్చాయి, అవినీతి నిరోధక శాఖ వచ్చింది. ఇంకో సంగతి: 1956లో తెలంగాణకు ఇవ్వకుండా ఆరో వేలు అని వెక్కిరించారని చెప్పుకునే ఉప ముఖ్యమంత్రి పదవి, సంజీవయ్య గారి మంత్రివర్గంలో కొండా వెంకట రంగారెడ్డి గారికి ఉంది. పెద్దమనుషులు రాసుకున్న మాట, వాళ్లు పక్కన కూర్చోబెట్టుకోని మనిషి కాలంలో నిలబడింది. టి.ఎన్. సదాలక్ష్మి గారు శాసనసభ ఉప సభాపతిగా ఉన్నదీ ఆ రోజుల్లోనే.

నేను చదివింది హైదరాబాద్‌లో. హాస్టల్లో తెలంగాణ మిత్రులు "మీ సీమోళ్లే కదరా అందరూ ముఖ్యమంత్రులు" అని వేళ్లు మడిచేవాళ్లు: సంజీవరెడ్డి, సంజీవయ్య, కోట్ల, చంద్రబాబు, రాజశేఖరరెడ్డి, కిరణ్ కుమార్ రెడ్డి. మా సీమ వాళ్లు అదే జాబితా మీసం మెలేసి చెప్పేవాళ్లు. తిట్టేవాళ్లకూ పొగిడేవాళ్లకూ సంజీవయ్య గారు ఆ జాబితాలో ఒక వేలు, అంతే. ఆయన తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో గానీ, విడిపోయాక ఏ రాష్ట్రంలో గానీ ఇంకో దళితుడు ఆ కుర్చీలో కూర్చోలేదన్న సంగతి ప్రాంతం లెక్కలో పడదు.

1969 గురించి ఒక పూర్తి భాగం రాస్తాను, ఇప్పుడు రెండు మాటలే. సదాలక్ష్మి గారు, ఈశ్వరీబాయి గారు ఇద్దరూ తెలంగాణ కోసం నిలబడ్డారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14లో 10 గెలిచింది. నాయకుడు చెన్నారెడ్డి గారు, 1956 ఎనిమిది మందిలో ఒకరు. అదే ఏడు సెప్టెంబరులో సమితిని కాంగ్రెస్‌లో కలిపేశారు. కలవనంటూ 1972లో సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి పేరుతో ఎల్లారెడ్డి నుంచి గెలిచి అసెంబ్లీకి వెళ్లింది ఈశ్వరీబాయి. సంతకాలు పెట్టినవాళ్లు సర్దుకున్నారు, సంతకం అడగని మనిషి మాట మీద నిలబడింది.

2014 మీకందరికీ తెలుసు. మొదటి ముఖ్యమంత్రి దళితుడే అన్న హామీ, జూన్ 2న కేసీఆర్ గారి ప్రమాణం. దళితుడు రాజయ్య గారికి ఉప ముఖ్యమంత్రి పదవి, ఏడాది తిరక్కముందే తొలగింపు, ఆయన స్థానంలో మరో దళితుడు కడియం శ్రీహరి గారు. అవతల ఆంధ్రలో 2019లో ఒకేసారి ఐదుగురు ఉప ముఖ్యమంత్రులు: ఎస్సీ, ఎస్టీ, బీసీ, కాపు, మైనారిటీ. ఒకప్పుడు ఆరో వేలన్నది ఇప్పుడు చేతికి ఐదు వేళ్లయింది. పిడికిలి ఎవరిదో అడక్కండి.

ఇక పిల్లల ప్రశ్న. దక్షిణాది వాదనకు మద్దతు ఇవ్వాలి, కానీ వెనక వరసలో జెండా పట్టుకుని మాత్రం కాదు. రాష్ట్ర పునర్విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్ర అసెంబ్లీని 175 నుంచి 225కు, తెలంగాణను 119 నుంచి 153కు పెంచుతామంటోంది. ఇప్పుడు మనవి ఆంధ్రలో 29, తెలంగాణలో 19. మొత్తం పెరిగితే జనాభా నిష్పత్తి ప్రకారం ఇవీ పెరుగుతాయి. అవి ఎక్కడ పడతాయి, ఏ మండలాన్ని దేనితో అతికిస్తారు అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. 2002 డీలిమిటేషన్ చట్టం కింద ఎస్సీ సీట్లు రాష్ట్రమంతా విస్తరించి ఉండాలి, వీలైనంతవరకు మనవాళ్లు ఎక్కువగా ఉన్న చోట ఉండాలి. కమిషన్‌కు సలహా ఇవ్వడానికి రాష్ట్రానికి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు. వాళ్లకు ఓటు ఉండదు గానీ మ్యాపు ముందు కూర్చునేది వాళ్లే. ఈసారి ఆ పది మందిలో ఎవరుంటారో ఇప్పటినుంచే అడగాలి. కమిషన్ ముసాయిదా అచ్చువేసి అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగ విచారణ జరపాలి. ఆ విచారణకు మనం ఉత్త చేతులతో వెళ్లకూడదు.

అందుకని ప్రతి స్టడీ సర్కిల్‌కూ ఒక పని. మీ నియోజకవర్గంలో ఒక్కో మండలానికి 2011 లెక్కల ప్రకారం ఎస్సీ, ఎస్టీ, ముస్లిం జనాభా ఎంతో ఒక పట్టిక రాయండి. పక్క నియోజకవర్గం మండలాలు కూడా చేర్చండి, గీత జరిగేది అక్కడే. మాలవాడ, మాదిగవాడ కలిసి కూర్చుని రాయండి. కొత్త లెక్కలు వచ్చాక అంకెలు మార్చుకుందాం. రాసినవాళ్లు నాకు ఫోటో తీసి పంపండి, జిల్లాలవారీగా కలుపుతాను.

వచ్చే భాగం: 1942 జులై, నాగపూర్. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్.